కుర్చీకి గడువు పెడితే నాయకుడి చూపు ఎటు?

విల్లీ బ్రౌన్ 1964లో గెలిచి కాలిఫోర్నియా అసెంబ్లీలో అడుగుపెట్టారు. స్పీకర్ అయ్యింది 1980 డిసెంబరులో. పదహారేళ్లు పట్టింది. ఎక్కిన తర్వాత పద్నాలుగున్నరేళ్లు ఆ కుర్చీ దిగలేదు. ఏ బిల్లు కదలాలి, ఏది మూలన పడాలి, ఎవరిని ఏ కమిటీలో వేయాలి, అన్నీ ఆయన చేతుల్లోనే. తాను ఈ సభకు ‘అయతొల్లా’నని, అంటే ఇరాన్‌ను ఏలే మతగురువు లాంటివాణ్నని, ఆయనే నవ్వుతూ చెప్పుకునేవారు.

ఫేబియన్ నూన్యెజ్ అదే అసెంబ్లీకి 2002 నవంబరులో ఎన్నికయ్యారు. ప్రమాణం చేసింది డిసెంబరులో. 2004 ఫిబ్రవరికల్లా స్పీకర్. ఒకాయనకు పదహారేళ్లు పట్టిన దారి ఇంకొకాయనకు పద్నాలుగు నెలల్లో తెగింది. నూన్యెజ్‌కు తెలివితేటలు లేవని కాదు, బ్రౌన్‌కు ఎక్కువనీ కాదు. మధ్యలో ఆట నియమమే మారిపోయింది. ఆ నియమం పేరు టర్మ్ లిమిట్స్, అంటే పదవీకాల పరిమితి.

అమెరికా అధ్యక్షుడు రెండుసార్లకు మించి ఎన్నిక కాకూడదన్న సంగతి మనకు బాగానే తెలుసు. రాష్ట్రాల శాసనసభ్యులకు కూడా కొన్నిచోట్ల ఇలాంటి గీత ఉందన్నది అంతగా తెలియదు. మన ఎమ్మెల్యేలకు ఇలాంటి పరిమితే లేదు. కుప్పంలో చంద్రబాబు నాయుడు 1989 నుంచి 2024 దాకా ఎనిమిదిసార్లు వరసగా గెలిచారు, చట్టపరంగా అడ్డేమీ రాలేదు. ఆ గీత గీసుకున్న అమెరికా రాష్ట్రాల్లో నాయకుల బతుకు బండి ఎలా మలుపులు తిరిగిందో చూస్తే, మంచి ఉద్దేశంతో పెట్టిన నియమం మనుషుల్ని ఎటు తోస్తుందో తెలుస్తుంది.

మూడు రాష్ట్రాలతో మొదలు

1990లో మూడు రాష్ట్రాలు ఈ పని చేశాయి. సెప్టెంబరులో ఓక్లహోమా, నవంబరులో కొలరాడో, కాలిఫోర్నియా. అందరి దృష్టినీ లాగింది కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ‘ప్రతిపాదన 140’. దిగువ సభ అయిన అసెంబ్లీలో మూడు టర్ములు, ఒక్కో టర్ము రెండేళ్లు, మొత్తం ఆరేళ్లు. పై సభ అయిన రాష్ట్ర సెనేట్‌లో నాలుగేళ్లవి రెండు, మొత్తం ఎనిమిదేళ్లు. ఆ తర్వాత జీవితాంతం మళ్లీ ఆ సభ గుమ్మం తొక్కకూడదు. దానికి తోడు శాసనసభ సొంత ఖర్చులో మూడో వంతుకు పైగా కోత. ఈ కోత సంగతి చాలామంది మర్చిపోతారు గానీ, కథలో దాని పాత్ర చిన్నది కాదు.

ఈ ప్రతిపాదనను ముందుండి నడిపించిన పీట్ షాబారమ్ అప్పటికి లాస్ ఏంజెలెస్ కౌంటీ (మన జిల్లా లాంటిది) సూపర్‌వైజర్, అంటే దాని పాలకమండలి సభ్యుడు. 1972 నుంచి 1991 వరకు, అంటే దాదాపు రెండు దశాబ్దాలు ఆ పదవిలోనే ఉన్నారు. అంతకుముందు అసెంబ్లీలో కూడా కూర్చుని వచ్చారు. కుర్చీకి అతుక్కుపోయినవాళ్లను దించాలన్న ఉద్యమానికి అలాంటి సారథి దొరకడం కాస్త వింతే.

ఆ తర్వాత ఊరంతా ఒకే పెళ్లి సందడిలా పాకింది. పదేళ్లలో మొత్తం 21 రాష్ట్రాలు తమ శాసనసభ్యులకు పరిమితి పెట్టుకున్నాయి. కొన్ని నిలబడలేదు. మసాచుసెట్స్, వాషింగ్టన్, ఆరెగన్, వయోమింగ్ రాష్ట్రాల్లో కోర్టులు కొట్టేశాయి. ఐడహో, యూటా రాష్ట్రాల్లో శాసనసభలే రద్దు చేసుకున్నాయి. అమెరికా దేశ పార్లమెంటైన కాంగ్రెస్ సభ్యులకు కూడా రాష్ట్రాలు ఇలాగే గడువు పెట్టబోతే, 1995లో సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో కుదరదంది. దాంతో ఈ ప్రయోగం రాష్ట్రాల గోడల మధ్యే మిగిలింది. 2022లో నార్త్ డకోటా చేరడంతో ఇప్పుడు అమల్లో ఉన్నవి 16 రాష్ట్రాలు.

ఓటర్లకు చెప్పిన మాట సూటిగా ఉండేది. రాజకీయాన్నే ఉద్యోగంగా చేసుకున్నవాళ్లు పోతారు. రైతో, టీచరో, చిన్న వ్యాపారో వచ్చి నాలుగేళ్లు ప్రజల పని చేసి, తన పనికి తాను తిరిగి వెళ్తారు. వినడానికి ఎంత బాగుంది! ఎక్కడో ఒకరిద్దరు అలా వెళ్లే ఉంటారు. ఎక్కువమంది వెళ్లలేదు. రాజకీయం వదల్లేదు, కుర్చీ మార్చారు.

ఆరేళ్ల క్యాలెండర్

పాత కాలిఫోర్నియా నియమం కింద ఒక సభ్యుడి ఆరేళ్లు ఎలా గడిచేవో దగ్గరగా చూద్దాం. ఫ్రెస్నో వైపు నుంచి కొత్తగా గెలిచిన ఒకాయన అనుకోండి. డిసెంబరు మొదటి సోమవారం ప్రమాణం. ఆఫీసు గది ఎటుందో తెలుసుకుని, స్టాఫ్‌ను పెట్టుకునేలోపే జనవరి 10 వస్తుంది. ఆలోపు గవర్నర్ (అక్కడ మన ముఖ్యమంత్రి లాంటివాడు) బడ్జెట్ పెట్టాలి. జూన్ 15కల్లా సభ దాన్ని ఆమోదించాలి. ఆ బడ్జెట్‌లో స్కూళ్ల వాటా ఎంతో తేల్చడానికి 1988లో ఓటర్లు రాజ్యాంగంలో చేర్చిన ‘ప్రతిపాదన 98’ సూత్రం ఒకటుంది. ఏ ఏడాది ఏ లెక్క వర్తిస్తుందో చెప్పడానికి దానికే ప్రత్యేకంగా నిపుణులు ఉంటారు. సెంట్రల్ వ్యాలీ రైతులకు ప్రాణమైన కాలువ నీళ్ల హక్కుల చట్టాలు వేరే లోకం. మొదటి ఏడాది ఇవన్నీ వినడానికే సరిపోదు.

రెండో ఏడాది ఎన్నికలు. మళ్లీ విరాళాలు, మళ్లీ ప్రచారం. మూడో ఏడాదికి ఆయనకు ఒక కమిటీ అధ్యక్ష పదవి దక్కుతుంది. పని తెలిసి కాదు, తెలిసినవాళ్లంతా వెళ్లిపోయారు కాబట్టి. నాలుగో ఏడాది మళ్లీ ఎన్నికలు. అయిదో ఏడాది వచ్చేసరికి చేయి తిరుగుతుంది, బిల్లు ఎలా నడపాలో తెలుస్తుంది. సరిగ్గా అప్పుడే టెన్షన్ మొదలవుతుంది: వచ్చే ఏడాది తర్వాత ఎక్కడికి? సెనేట్ సీటు ఖాళీ అవుతోందా? కౌంటీలో ఏమైనా ఉందా? కాంగ్రెస్‌కు వెళ్లే వీలుందా? ఆరో ఏడాదంతా ఆ వెతుకులాటే. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. ఇక్కడ ఇల్లు అలకడం పూర్తయ్యేసరికి అద్దె గడువు ముగిసేది.

పైగా లెక్క కూడా కుదరదు. అసెంబ్లీలో 80 మంది, సెనేట్‌లో 40 మంది. కింద ఆరేళ్లకే ఖాళీ చేయాల్సిన ఎనభై మంది, పైన ఎనిమిదేళ్లు కూర్చునే నలభై కుర్చీల వైపు చూస్తుంటారు. సొంత పార్టీవాళ్లే ఒకరి మీద ఒకరు పోటీ చేసుకోవాల్సి వచ్చేది. ఎవరైనా మధ్యలో సెనేట్ వదిలి కాంగ్రెస్‌కు వెళ్తే ఉప ఎన్నిక. అందులో అసెంబ్లీ సభ్యుడు గెలిస్తే ఆ అసెంబ్లీ సీటుకు ఇంకో ఉప ఎన్నిక. దానికి నగర కౌన్సిల్ సభ్యుడు నిలబడి గెలిస్తే కౌన్సిల్‌లో మరో ఖాళీ. ఒక్క కుర్చీ కదిలితే వరస అంతా కదిలేది.

ఈ పరుగుకు అచ్చమైన ఉదాహరణ షీలా క్యూల్. 1994లో గెలిచి అసెంబ్లీలో ఆరేళ్లు. 2000లో సెనేట్‌కు వెళ్లి ఎనిమిదేళ్లు. రెండు గడువులూ గడియారం చూసుకున్నట్టు పూర్తిచేశారు. 2014లో లాస్ ఏంజెలెస్ కౌంటీ సూపర్‌వైజర్ అయ్యారు. ఈ సూపర్‌వైజర్ పదవిని తక్కువగా అంచనా వేయకూడదు. దాదాపు కోటి జనాభా ఉన్న కౌంటీని అయిదుగురే నడుపుతారు. చేతిలో ఉండే డబ్బు, అధికారం చూస్తే రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో నూట ఇరవై మందిలో ఒకరుగా ఉండడం కంటే ఇదే మేలనిపిస్తుంది.

స్పీకర్లను చూసినా అంతే. ఆంటోనియో వియరైగోసా 1998 నుంచి 2000 వరకు స్పీకర్, 2005 నుంచి లాస్ ఏంజెలెస్ మేయర్. హెర్బ్ వెసన్ 2002 నుంచి 2004 వరకు స్పీకర్, తర్వాత అదే నగర కౌన్సిల్ సభ్యుడు, ఆ పైన కౌన్సిల్ అధ్యక్షుడు. రాష్ట్ర స్పీకర్‌గా చేసిన మనిషి నగర కౌన్సిల్‌కు రావడం మన కళ్లకు దిగజారినట్టు కనిపిస్తుంది. అక్కడ పదిహేనుమందే సభ్యులు, జీతం రాష్ట్ర శాసనసభ్యుడి కంటే ఎక్కువ. కారెన్ బాస్ 2004లో గెలిచి 2008లో స్పీకర్ అయ్యారు. ఆ తర్వాత కాంగ్రెస్‌కు వెళ్లారు, 2022లో లాస్ ఏంజెలెస్ మేయర్‌గా గెలిచారు. అసలు అందరికంటే ముందు ఈ దారి చూపించింది విల్లీ బ్రౌనే. గడువు తరుముకొస్తుంటే 1995 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో మేయర్‌గా గెలిచి, ఎనిమిదేళ్లు నగరాన్ని ఏలారు. ఆయన్ను దించడానికే ఈ చట్టం తెచ్చారని అప్పట్లో చాలామంది అన్నారు. అసెంబ్లీ నుంచి దించారు సరే, రాజకీయాల నుంచి దించలేకపోయారు.

బ్రౌన్ ఒక్కరే పద్నాలుగున్నరేళ్లు కూర్చున్న కుర్చీలో ఆయన తర్వాతి దాదాపు పదిహేనేళ్లలో తొమ్మిది మంది కూర్చున్నారు. ఒక్కొక్కరికీ సగటున రెండేళ్లు కూడా రాలేదు. అది తిష్ఠ వేసుకున్న అధికారాన్ని బద్దలు కొట్టింది, నిజమే. అయితే గవర్నర్ ఎదురుగా కూర్చుని బడ్జెట్ బేరమాడే మనిషి ప్రతి రెండేళ్లకూ కొత్తవాడైతే బేరం ఎవరివైపు మొగ్గుతుంది? శాసనసభలను ఏళ్ల తరబడి గమనించిన రాజనీతి పరిశోధకుల్లో ఎక్కువమంది ఒప్పుకునే అంశం ఇదొక్కటే: అధికారం శాసనసభ నుంచి గవర్నర్ వైపు, ప్రభుత్వ శాఖల వైపు జారింది.

ఫ్లారిడాలో ముందే రాసుకున్న చీటీలు

ఫ్లారిడాలో నియమం వేరు. 1992లో ఓటర్లు పెట్టిన గీత ఎనిమిదేళ్లు, అదీ వరసగా. కాస్త విరామం తీసుకుంటే మళ్లీ రావచ్చు. ఆ ఎనిమిదేళ్ల గడువు సభ లోపలి జీవితాన్ని ఎలా మార్చిందో చూస్తే విచిత్రంగా ఉంటుంది.

అక్కడ స్పీకర్ పదవి రెండేళ్లే. సంప్రదాయం ప్రకారం అది సభ్యుడి చివరి రెండేళ్లలో, అంటే ఏడు, ఎనిమిదో ఏట దక్కుతుంది. మరి ఎవరికి దక్కాలి? అది ఆయన కొత్తగా వచ్చిన ఒకటి రెండేళ్లలోనే తేలిపోతుంది. ఒకే ఏడాది గెలిచి వచ్చిన బ్యాచ్ వాళ్లంతా, సభలో చోట్లు కూడా సరిగా తెలియకముందే, ‘ఆరేళ్ల తర్వాత మన బ్యాచ్ నుంచి ఫలానావాడే స్పీకర్’ అని మాట ఇచ్చుకుంటారు. కాలేజీలో ఫస్టియర్‌లోనే ఫైనలియర్ ప్రెసిడెంటును ఎన్నుకున్నట్టు. ఒక బిల్లు కూడా నడపని మనిషి, ఇంకా ఎవరో తెలియని మనిషికి హామీ ఇవ్వాలి.

మార్కో రూబియో కథ ఈ పద్ధతిలో పుట్టిందే. 2000 జనవరిలో ఒక ఉప ఎన్నికలో గెలిచి సభలోకి వచ్చారు. రెండు మూడేళ్లకే తోటి సభ్యుల మాటలు కూడగట్టుకున్నారు. 2006 నవంబరులో, ముప్పై అయిదేళ్ల వయసులో, స్పీకర్ అయ్యారు. 2008లో గడువు ముగిసి ఇంటికి. 2010లో అమెరికా సెనేటర్, 2025లో విదేశాంగ మంత్రి. పరిమితి ఆయన బండికి బ్రేకు వేయలేదు, గేరు మార్చిందంతే. పాత పద్ధతిలో అయితే తల నెరిసేదాకా రాష్ట్ర సభలోనే వరసలో నిలబడాల్సి వచ్చేదేమో.

ఫ్లారిడా స్పీకర్ గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. కుర్చీ ఎక్కిన రోజే ఆయన దిగే తేదీ అందరికీ తెలుసు. తర్వాతి స్పీకర్ ఎవరో కూడా తెలుసు. ఆ తర్వాతి వరసలో ఉన్నవాడూ సభలోనే తిరుగుతుంటాడు. అందుకే సభ్యుల చూపు ఎప్పుడూ ఉన్నవాడి మీద సగం, రాబోయేవాడి మీద సగం ఉంటుంది.

జ్ఞాపకం ఎక్కడికి పోయింది?

సభ్యులు మారుతుంటే, ఈ చట్టం పదేళ్ల క్రితం ఎందుకు తెచ్చారో, అప్పుడు ఏ బేరం కుదిరిందో గుర్తుంచుకునేది ఎవరు? శాశ్వతంగా ఉండేవాళ్లు. అంటే కమిటీల స్టాఫ్, ప్రభుత్వ శాఖల అధికారులు, కంపెనీల, సంస్థల తరఫున సభ్యులను ఒప్పించే లాబీయిస్టులు. కాలిఫోర్నియాలో పరిమితితో పాటు స్టాఫ్ ఖర్చుకూ కోత పెట్టారని పైన చెప్పుకున్నది ఇక్కడ పనికొస్తుంది. అనుభవమున్న స్టాఫ్ చాలామంది అప్పుడే వెళ్లిపోయారు. వెళ్లినవాళ్లలో కొందరు లాబీయింగ్ సంస్థల్లోనే తేలారు. సభలో నేర్చుకున్నది వీధి దాటి ఎదురు భవనంలోకి వెళ్లిపోయింది.

అలాగని లాబీయిస్టులకు ఇదంతా పండగేమీ కాదు. పాత కాలంలో స్పీకర్‌ను, ఇద్దరు ముగ్గురు కమిటీ అధ్యక్షులను పట్టుకుంటే పని అయిపోయేది. ఇప్పుడు రెండేళ్లకోసారి కొత్త ముఖాలతో మొదట్నుంచీ పరిచయాలు పెంచుకోవాలి. పెద్ద క్లయింట్లు, పెద్ద సిబ్బంది ఉన్న సంస్థలు ఇది తట్టుకుంటాయి. ఒక్కరే ఆఫీసు పెట్టుకుని నడిపే స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి తట్టుకోలేడు.

జ్ఞాపకమంటే ఏమిటో తెలియాలంటే నెబ్రాస్కాకు వెళ్లాలి. ఆ రాష్ట్ర శాసనసభకు ఒకే సభ, 49 మంది, పార్టీ గుర్తుల్లేవు, జీతం ఏడాదికి 12,000 డాలర్లు. ఎర్నీ చేంబర్స్ ఉత్తర ఒమహా నుంచి 1970లో గెలిచిన నల్లజాతి నాయకుడు. వృత్తి రీత్యా మంగలి. సభా నియమాల పుస్తకం ఆయనకు కొట్టినపిండి. నచ్చని బిల్లు వస్తే గంటల తరబడి సవరణల మీద సవరణలు పెట్టి సభను ఆపేసేవారు. గవర్నర్లు, తోటి సభ్యులు తలలు పట్టుకునేవారు. అలా ముప్పై ఎనిమిదేళ్లు.

2000లో నెబ్రాస్కా ఓటర్లు వరసగా రెండు టర్ములే అన్నారు. ఆ గీత చేంబర్స్ కోసమే గీశారని రాష్ట్రంలో బహిరంగంగానే అనుకున్నారు. 2008 ఎన్నికల్లో ఆయన పోటీ చేయలేకపోయారు. నాలుగేళ్లు ఇంట్లో కూర్చుని, 2012లో మళ్లీ నిలబడి గెలిచారు! అప్పటికి డెబ్బై అయిదు దాటాయి. తిరిగొచ్చాక 2015లో తన జీవితకాల పోరాటం నెగ్గారు. మరణశిక్ష రద్దు బిల్లును సభ ఆమోదించింది. గవర్నర్ వీటో చేస్తే ఆ వీటోను కూడా 30–19తో తోసేసింది. ఏడాదిన్నర తిరక్కుండా 2016 నవంబరులో ఓటర్లు మరణశిక్షను మళ్లీ తెచ్చుకున్నారనుకోండి, అది వేరే సంగతి. దశాబ్దాల పాటు ఒకే అంశం మీద పట్టు విడవకుండా, అది చట్టమయ్యేదాకా వెంటపడడం ఎనిమిదేళ్లే ఉండే సభ్యుడి వల్ల అయ్యే పని కాదు. చేంబర్స్‌ను ఇష్టపడనివాళ్లు దీన్ని మేలంటారు, ఇష్టపడేవాళ్లు నష్టమంటారు. ఇద్దరి మాటలోనూ అర్థముంది.

గడువును దాటే దారులు

జీవితకాల నిషేధమా, వరస నిషేధమా అన్నది చూడ్డానికి చిన్న తేడా. బతుకులో అదే పెద్ద తేడా. కాలిఫోర్నియా, మిషిగన్, మిస్సోరి లాంటి చోట్ల ఒకసారి అయిపోతే అయిపోయినట్టే. అరిజోనా, సౌత్ డకోటా, మెయిన్, ఒహాయో లాంటి చోట్ల వరసగా ఇన్నేళ్లకు మించకూడదంతే. అక్కడ నాయకులు ఎనిమిదేళ్లు కింది సభ, తర్వాత పై సభ, మళ్లీ కింది సభ అని ఊయల ఊగుతుంటారు. మెయిన్ రాష్ట్రంలో జాన్ మార్టిన్ 1975 నుంచి 1994 దాకా స్పీకర్. 1993లో అక్కడి ఓటర్లు పరిమితి పెట్టడానికి ఆయన సుదీర్ఘ పెత్తనం కూడా ఒక కారణం. ఆయన 2000లో సెనేట్‌కు వెళ్లి ఎనిమిదేళ్లుండి, 2008లో తిరిగి దిగువ సభకు వచ్చారు. తలుపు మూస్తే కిటికీ ఉండనే ఉంది.

ఒహాయోలో కథ చెడ్డ మలుపు తిరిగింది. లారీ హౌస్‌హోల్డర్ 2001 నుంచి 2004 వరకు స్పీకర్, ఎనిమిదేళ్లు నిండి దిగారు. 2016లో మళ్లీ గెలిచి, 2019లో మళ్లీ స్పీకర్ అయ్యారు. అదే ఏడాది ఒక విద్యుత్ కంపెనీకి చెందిన రెండు అణు విద్యుత్ కేంద్రాలను ఆదుకునే చట్టం వచ్చింది. దాని వెనుక దాదాపు 6 కోట్ల డాలర్ల లంచం నడిచిందని కేంద్ర ప్రభుత్వ (ఫెడరల్) అధికారులు 2020 జులైలో ఆయన్ను అరెస్టు చేశారు. 2023 మార్చిలో దోషిగా తేలారు, జూన్‌లో 20 ఏళ్ల శిక్ష పడింది. ఒక చిన్న విషయం గమనించాలి. పదవీకాల లెక్కను మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టే సవరణను ఓటర్ల ముందుకు తేవాలన్న ప్రయత్నం కూడా ఈ కేసు కాగితాల్లో కనిపిస్తుంది. దోచుకునేవాడిని గడువు ఆపుతుందనుకున్నారు. ఇక్కడ గడువును చెరపడం కూడా పథకంలో భాగమైంది.

అందరికీ నష్టమేనా?

కాదు. పాతుకుపోయినవాళ్లు కదలకపోతే ఆ కుర్చీల వైపు కన్నెత్తి కూడా చూడలేని వర్గాలకు తలుపులు తెరుచుకున్నాయి. కాలిఫోర్నియాలో 1996లో క్రూజ్ బుస్తమాంతె స్పీకర్ అయ్యారు, ఆ సభ చరిత్రలో ఆ పదవి పొందిన మొదటి లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్నవాడు) ఆయనే. వెంటనే వియరైగోసా, తర్వాత నూన్యెజ్. 2008లో కారెన్ బాస్ స్పీకర్ అయినప్పుడు, దేశంలో ఏ రాష్ట్రంలోనైనా శాసనసభ స్పీకర్ అయిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. జనాభా మార్పు, నియోజకవర్గాల పునర్విభజన కూడా ఇందులో ఉన్నాయి, ఘనతంతా గడువుదే కాదు. అయినా గడువు తలుపు తీయకపోతే ఇంత త్వరగా జరిగేది కాదు. మహిళల విషయంలో మాత్రం పెట్టుకున్న ఆశ నెరవేరలేదు. ఖాళీ అయిన సీటుకు మహిళ నిలబడాలంటే ఎవరో ఒకరు ముందే పిలిచి, డబ్బు సర్ది, తోడు నిలవాలి. సీటు ఖాళీ అయినంత మాత్రాన ఆ పని జరగదు.

మిషిగన్‌లో మొదటి దెబ్బ 1998లో పడింది. 110 మంది ఉన్న దిగువ సభలో సగానికి పైగా ఒక్కసారే వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆరేళ్ల గడువు, అదీ జీవితాంతం. 1992లో పెట్టిన ఆ నియమం ముప్పై ఏళ్లు అలాగే నడిచింది. ఆ రాష్ట్రానికి తెలుగువాళ్లతో చిన్న ముడి ఉంది. వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజనీరింగ్ చదివిన పద్మ కుప్ప 2018లో ట్రాయ్ ప్రాంతం నుంచి ఆ సభకు గెలిచారు, 2020లో మళ్లీ గెలిచారు. పాత నియమం ప్రకారం ఆ సభలో ఆమెకు మిగిలింది ఇంకో రెండేళ్లే. 2022లో రాష్ట్ర సెనేట్‌కు పోటీ చేసి ఓడిపోయారు. అదే రోజు, అదే బ్యాలెట్ మీద, మిషిగన్ ఓటర్లు ఆ పాత నియమాన్నే మార్చేశారు. ఏ సభలోనైనా సరే, మొత్తం పన్నెండేళ్లు అన్నారు.

పోల్చడానికి మేరీల్యాండ్ చూడండి. అక్కడ శాసనసభ్యులకు పరిమితి లేదు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణ మిల్లర్ 2010లో అక్కడి దిగువ సభకు గెలిచారు. 2018లో కాంగ్రెస్‌కు పోటీ చేయాలని ఆ సీటు వదులుకున్నారు, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలోనే ఓడారు. 2022లో గవర్నర్ తర్వాతి పదవైన లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. ఎవరూ తరమకపోయినా పైమెట్టు ఎక్కాలనుకునేవాళ్లు ఉన్న కుర్చీ వదిలి రిస్క్ తీసుకుంటారు. పరిమితి ఉన్న రాష్ట్రంలో ఆ రిస్క్ అందరికీ తప్పనిసరి అవుతుంది, అదే తేడా. ఉన్న సభలోనే మంచి పనివాడిగా మిగిలిపోదామనుకునేవాడికి అక్కడ చోటు లేదు.

ఓటరు పట్టిన తేడా

కాలిఫోర్నియా దిద్దుబాటు ఇంకా ఆసక్తికరం. 2008 ఫిబ్రవరిలో ‘ప్రతిపాదన 93’ వచ్చింది. ఏ సభలోనైనా మొత్తం పన్నెండేళ్లు ఉండవచ్చన్నది సారాంశం. అయితే అప్పటికి పదవిలో ఉన్నవాళ్లకూ గడువు పెరిగేలా రాశారు. ఆ ఏడాదే దిగాల్సిన నూన్యెజ్ లాంటి నాయకులకే లాభం. ఓటర్లు ఓడగొట్టారు. 2012 జూన్‌లో ‘ప్రతిపాదన 28’ దాదాపు అదే మందు. ఈసారి ఇకముందు కొత్తగా ఎన్నికయ్యేవాళ్లకే వర్తిస్తుందన్నారు. రెండు సభలూ కలిపి పద్నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్లకు తగ్గుతుందని కూడా చెప్పారు. 61 శాతం మంది అవునన్నారు. రాసిన లెక్క ఒకటే, రాసినవాడి లాభం మారింది. ఓటరు దాన్ని పట్టేశాడు.

కొత్త నియమం కింద వచ్చిన మొదటి తరంలో ఆంథనీ రెండన్ ఒకరు. 2012లో గెలిచి, 2016లో స్పీకర్ అయి, 2023 దాకా ఏడేళ్లు ఉన్నారు. విల్లీ బ్రౌన్ తర్వాత అంతకాలం ఎవరూ ఉండలేదు. పన్నెండేళ్లు ఒకే సభలో గడపవచ్చన్న ధీమా వచ్చాక అసెంబ్లీ సభ్యుల్లో సెనేట్ పరుగు తగ్గింది. ఒక సబ్జెక్టు పట్టుకుని నేర్చుకునే తీరిక దొరికింది. అయిదో ఏట పుట్టే టెన్షన్ పదో ఏటికి జరిగింది. అసలు వైద్యం అంతేనేమో: గడువు ఉండాలా వద్దా అన్నదాని కంటే, ఎంత ఉండాలి, ఎక్కడ లెక్కపెట్టాలి అన్నదే పని చేస్తుంది. ఆరేళ్లు మరీ తక్కువని మిషిగన్, కాలిఫోర్నియా అనుభవం మీద నేర్చుకున్నాయి.

ఆ అనుభవం అందరికీ చేరినట్టు లేదు. మిషిగన్ గడువు సడలించిన అదే 2022 నవంబరులో నార్త్ డకోటా ఓటర్లు కొత్తగా గీత గీశారు. ఒక్కో సభలో ఎనిమిదేళ్లు, జీవితాంతం. ఆ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం అక్కడి శాసనసభ రెండేళ్లకు గరిష్ఠంగా 80 రోజులే సమావేశం కావాలి. అంటే ఆ రాష్ట్ర రాజధాని బిస్మార్క్‌లో ఒక సభ్యుడు ఎనిమిదేళ్లూ నిండుగా పనిచేసినా, ఆ సభలో కూర్చోగలిగేది 320 రోజులు. ఏడాది కూడా నిండదు.